ఫణిగిరి నుండి ముడుమాల్ వరకు: నేల దాచిన నగలు

భువనగిరి దాటి రాయగిరి వద్ద వరంగల్ రహదారిని విడిచి మోత్కూరు దారి పట్టగానే నేల స్వరూపం మారిపోతుంది. ఎర్రని చెలకలు, ఒకదానిపై ఒకటి పేర్చినట్లున్న నల్లని గుండ్లు, నడుమ నడుమ తాటిచెట్లు. ఈ రాయగిరి పరిసరాలలోనే హంట్ అనే ఆంగ్లేయుడు రాతివలయాల క్రింద ఉన్న ప్రాచీన సమాధులను త్రవ్వించి, 1924లో వాటిని గురించి లండన్ పత్రికలో సుదీర్ఘ వ్యాసం వ్రాశాడు. ఇప్పుడు ఆ దారిన పోయే బస్సులలో ఆ సంగతి తెలిసినవారు అరుదు. తిరుమలగిరి దాటి కొద్ది దూరం పోతే బిక్కేరు వాగు ఒడ్డున, పడగ విప్పిన పామువలె కనిపించే కొండ ఒకటి ఉన్నది. అదే ఫణిగిరి. నిన్నటి నల్లగొండ జిల్లా, నేటి సూర్యాపేట జిల్లా.

మేము ఆరుగురము బయలుదేరాము. మాలో పెద్దది మా ఖాలా. చరిత్ర మీద కంటే నగల మీద ఆమెకు ఆసక్తి ఎక్కువ. ఈ యాత్రకు ఆమె రావటం మా అదృష్టమని తరువాత తెలిసింది.

ఫణిగిరి పేరు ఇటీవల పత్రికలలో రెండుసార్లు మారుమ్రోగింది. ఇక్కడి తోరణశిల్పం 2023లో న్యూయార్క్ నగరంలోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శింపబడినప్పుడు ఒకసారి. 2024 వసంతంలో రాష్ట్ర పురావస్తు శాఖ జరిపిన త్రవ్వకాలలో సీసపు నాణేలతో నిండిన మట్టికుండ బయటపడినప్పుడు మరొకసారి. రెండడుగుల లోతున దొరికిన ఆ కుండలో 3,730 నాణేలు ఉన్నాయి. ఒక్కొక్కటి సగటున 2.3 గ్రాముల బరువు. ఒకవైపు ఏనుగు, మరొకవైపు ఉజ్జయినీ చిహ్నం. ఇక్ష్వాకుల కాలానివని, అనగా సుమారు 1,700 సంవత్సరాల నాటివని నిర్ణయించారు. పత్రికలన్నీ కుండను గురించే వ్రాశాయి. అదే త్రవ్వకంలో రాతిపూసలు, గాజుపూసలు, శంఖపు గాజుల ముక్కలు కూడా దొరికాయన్న మాట వార్త చివర ఒక్క వాక్యంలో ముగిసింది. మేము ఆ వాక్యం కోసమే వచ్చాము.

ఫణిగిరి కొండపైన ఉన్నది బౌద్ధ సంఘారామం. మహాస్తూపం, గజపృష్ఠాకారపు చైత్యగృహాలు, భిక్షువులు నివసించిన విహారాల పునాదులు నేటికీ కనిపిస్తాయి. క్రీస్తుపూర్వం ఒకటవ శతాబ్దం నుండి క్రీస్తుశకం నాలుగవ శతాబ్దం వరకు ఈ కొండ జనంతో కళకళలాడింది. భిక్షువుకు ఆభరణం నిషిద్ధం. బౌద్ధగాథ ప్రకారం సిద్ధార్థుడు ఇల్లు విడిచిన రాత్రి మొదట విడిచినవి తన నగలే. వాటిని ఒలిచి సారథి చేతికిచ్చి పంపివేశాడంటారు. నగలు విడిచినవారు నివసించిన కొండ మీద గాజుల ముక్కలు ఎందుకున్నాయి?

స్త్రీలు వచ్చారు గనుక. ఇంతకంటే సూటి సమాధానం మాకు తోచలేదు. దానమివ్వడానికి, దర్శనానికి, వంటకో కూలికో, ఎందుకైతేనేమి, చేతులకు గాజులు తొడుక్కున్నవారు ఈ మెట్లెక్కారు. గాజు పగిలింది, ముక్క అక్కడే పడిపోయింది. ఇక్ష్వాకుల కాలపు స్త్రీలలో మనకు పేర్లతో తెలిసినవారు రాజవంశీయులూ సంపన్నులూ మాత్రమే. నాగార్జునకొండ మహాచైత్యానికి స్తంభాలు నిలిపిన చాంతిసిరి రాజు చాంతమూలుని తోబుట్టువు. ఆమె పేరు రాతిమీద ఉన్నది. ఫణిగిరి మెట్ల మీద గాజు పగులగొట్టుకున్న ఆడమనిషి పేరు ఎక్కడా లేదు. ఆమె వచ్చి వెళ్లిందనడానికి సాక్ష్యం ఆ ముక్క ఒక్కటే.

ఆ ముక్క సామాన్యమైనదేమీ కాదు. శంఖం పుట్టేది సముద్రంలో. ఫణిగిరి నుండి మచిలీపట్నం తీరానికే 200 కిలోమీటర్లకు పైగా దూరం. గాజులకు పనికివచ్చే దళసరి శంఖాలు ప్రధానంగా లభించేది తమిళదేశానికి, సింహళానికి నడుమనున్న మన్నారు సింధుశాఖలో. అక్కడ మునిగి తీసిన శంఖాన్ని తెచ్చి, మొదట లోపలి మెలికల కాడను పగులగొట్టి తొలగించాలి. మిగిలిన గుల్లను అర్ధచంద్రాకారపు రంపంతో వలయాలుగా కోయాలి. ఒక శంఖానికి కొద్ది వలయాలే వస్తాయి. లోపలి అంచును రాతికడ్డీపై, బయటి అంచును బండపై అరగదీసి, చివరకు ఆకురాయితో గీతలు తీర్చాలి. సముద్రం నుండి మనుషులు ధరించే ఆభరణాలు వెలికివచ్చే సంగతిని దివ్య ఖుర్‌ఆన్ అన్నహ్ల్ సూరాలో దైవానుగ్రహాల వరుసలో పేర్కొన్నది. ముత్యమూ పగడమూ మన మనసుకు మొదట తోచవచ్చు. మెట్టభూముల పేదరాలి చేతికి మాత్రం సముద్రం చేరింది శంఖం రూపంలోనే.

ఈ పరిసరాలలోనే గాజులబండ అనే మరొక బౌద్ధస్థలం ఉన్నది. ఆ పేరు విని మా ఖాలా ముఖం వెలిగిపోయింది.

కొండ దిగువన చెలకలో మేకలు మేపుతున్న ఒక వృద్ధురాలు మా గుంపును చూసి దగ్గరకు వచ్చింది. ఏం వెదుకుతున్నారని అడిగింది. పూసలని చెప్పగానే నవ్వింది. "వానలు వడ్డంక గీ చెల్కలల్ల పూసలు మస్తు తేలుతుండె చెల్లె. మా చిన్నప్పుడు ఏరుకొచ్చి దారానికి గుచ్చుకుంటుంటిమి. ఇప్పుడు ట్రాక్టర్లొచ్చె, లోతుగ దున్నవట్టిరి. ఎవలు చూస్తరు?" ఒక్కటైనా మిగిలి ఉన్నదా అక్కా అని ఖాలా అడిగింది. "యాడుంటయి చెల్లె? దారం తెగె, పూసలు వోయె."

అప్పుడామె దృష్టి ఖాలా మెడలోని నల్లపూసల మీద పడింది. మీరు కూడా వేస్తారా అని అడిగింది. హైదరాబాదు రాజ్యంలో ముస్లిం పెళ్లికూతురి మెడలో 'కాలీ పోత్ కా లచ్ఛా' కట్టే ఆచారం మన పాఠకులలో అనేకులకు తెలిసినదే. అది ధర్మం విధించినది కాదు, ఈ నేల ఆచారం. ఆ మాట పెద్దలు ఎన్నోసార్లు చెప్పారు, మేమూ అంగీకరిస్తాము. అయితే ఆ చిన్న గాజుపూస వెనుక ఎంత వయసున్నదో ఆలోచించామా? కరిగిన గాజును బోలుగొట్టంగా సాగదీసి, సన్నగా ముక్కలు చేసి, బూడిదతో కలిపి మళ్లీ వేడిచేసి అంచులు గుండ్రపరచే విద్య రెండువేల యేండ్ల క్రిందటే దక్షిణాపథంలో ఉండేది. శాతవాహనుల కాలపు ఊళ్లలో ఎక్కడ త్రవ్వినా దొరికే చిట్టి గాజుపూసలలో అధికభాగం అటువంటివే. రాగి చేరిస్తే ఎరుపో పచ్చో, కోబాల్టు చేరిస్తే నీలం. చిత్తూరు ప్రాంతపు పాపానాయుడుపేటలో ఆ పాతపద్ధతి కొలిమి మన కాలం దాకా ఆరిపోలేదు. పూస ఏ మతానిదో చెప్పదు, ఏ కొలిమిదో మాత్రం చెబుతుంది.

శిల్పంలోని నగలకూ మట్టిలోని నగలకూ చాలా అంతరం ఉన్నది. ఫణిగిరి, నాగార్జునకొండ శిల్పాలలోని స్త్రీలు మణికట్టు నుండి మోచేతి దాకా గాజులు తొడుగుతారు. కాళ్లకు చుట్లు చుట్లుగా లావైన కడియాలు, నడుముకు వరుసల మొలనూలు, చెవులకు బరువైన కమ్మలు. పురుషులూ తక్కువ తినలేదు. తలపాగాకు మణి, బాహువులకు కేయూరాలు, ఛాతీపై హారాలు. శిల్పి చెక్కినది బంగారమో కాదో రాతికి తెలియదు, కానీ ధరించినవారు సంపన్నులని పోలికే చెబుతుంది. ఇంత బంగారం చెక్కిన నేలలో త్రవ్వితే బంగారం బహు అరుదు. దొరికేది శంఖం, గాజు, ఎర్రరాయి, కాల్చిన మట్టి, ఎముక, కొంచెం రాగి.

బంగారం ఏమైనట్లు? దోచుకున్నారని మొదట అనిపిస్తుంది. దోపిడీలు జరిగే ఉంటాయి. కాని మా ఖాలా చెప్పిన కారణమే మాకు బలంగా తోచింది. ఆమె చేతి గాజులు ఆమె నానీ గాజులే. అయితే నానీ గాజులుగా అవి ఇప్పుడు లేవు. ఒకసారి కరిగి హారమయ్యాయి. హారం కరిగి ఇద్దరు కూతుళ్ల కమ్మలుగా చీలింది. కమ్మలలో ఒక జత మళ్లీ గాజులైంది. బంగారం పారవేయబడదు, కరిగించబడుతుంది. తల్లి నుండి కూతురికి, కుదువకొట్టు నుండి కంసాలి మూసకు, అక్కడి నుండి మరొక పెళ్లికి. ఇక్ష్వాకుల నాటి కాసంత పసిడి నేడు సూర్యాపేట బజారులో ఎవరి ముక్కుపుడకలోనో ఉండవచ్చు. కరిగిస్తే విలువలేనిది మాత్రమే నేలపాలై, నేలలోనే నిలిచి, మన దాకా వచ్చింది. అందుచేత పురావస్తు శాస్త్రానికి చక్రవర్తుల భార్యల కంటే కూలిజనపు ఆడవారి చేతులే ఎక్కువ పరిచయం.

బంగారం ఒకే ఒక విధంగా నేలలో మిగిలింది. ఎవరో దాచి, తిరిగి తీసుకోలేకపోతే. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లెలో 1,531 రోమన్ వెండి నాణేలు ఒక్కచోట దొరికాయి. అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలానివి. నాటి మహబూబ్‌నగర్ జిల్లా వీపనగండ్లలో రోమన్ బంగారు నాణేలే దొరికాయి. ఏటా కోట్లకొలది ధనం భారత, చీనా, అరబ్బు దేశాలకు తరలిపోతున్నదని, మన విలాసాలకూ మన ఆడవారికీ ఇంత వెల చెల్లిస్తున్నామని రోమన్ పండితుడు ప్లినీ వాపోయాడు. ఆయన క్రీ.శ. 79లో మరణించాడు. ఆ వాపోయిన ధనంలో కొంత కృష్ణాతీరపు మెట్టపల్లెలలో తేలింది.

ఇక్కడి వారు ఆ నాణేలను ఏం చేసుకున్నారన్నది ఇంకా ఆసక్తికరం. దక్షిణదేశంలో దొరికిన రోమన్ బంగారు నాణేలలో కొన్నిటికి చక్రవర్తి తలకు పైభాగాన రెండు రంధ్రాలు ఉంటాయి. దారమో తీగయో గుచ్చి మెడలో వేసుకున్నారన్న మాట. చక్రవర్తి ముఖం తలక్రిందులు కాకుండా వ్రేలాడటానికి రంధ్రాలు పైననే వేశారు. రోమ్‌లో పన్ను కట్టడానికి పనికివచ్చేది, ఇక్కడ పతకమైంది. తరువాతి శతాబ్దాల కాసులపేరు, మన ఇండ్లలో అష్రఫీలు గుచ్చిన హారం గుర్తుకు వచ్చాయి.

రోమన్ బంగారం కొనలేనివారు? వారికీ ఒక మార్గం ఉండేది. నాటి మెదక్ జిల్లాలోని కొండాపురంలో కాల్చిన మట్టితో చేసిన గుండ్రని పతకాలు దొరికాయి. పైన చిన్న కొక్కెం, ఇరువైపులా టైబీరియస్ నాణెపు అచ్చు. ఇటువంటివాటికి బంగారు పూత వేసి ధరించేవారని పండితుల అభిప్రాయం. 'వన్ గ్రామ్ గోల్డ్' దుకాణాలను చూసి మూతి విరిచేవారు దీనిని కొంచెం తలచుకోవాలి. రెండువేల యేండ్ల క్రింద కూడా ఒక తల్లి ఇంటి శుభకార్యానికి లేనిది ఉన్నట్లు చూపక తప్పలేదు. మాకది నవ్వులాటగా తోచలేదు. పెళ్లిలో ఎంత బంగారం పెట్టారన్నదే మర్యాదకు కొలతగా నిలిచినంతకాలం మట్టికి పసిడిపూత పూసేవాడికి గిరాకీ ఉంటుంది.

కొండాపురం పేరు వచ్చింది గనుక ఒక విషయం చెప్పక తప్పదు. నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖను నెలకొల్పి గులాం యజ్దానీని అధిపతిగా నియమించింది. అజంతా చిత్రాలను ప్రపంచానికి పరిచయం చేసిన ఆ పండితుని హయాంలోనే 1940 తరువాత కొండాపురంలో త్రవ్వకాలు జరిగాయి. ఆయన వెంట పనిచేసి, తరువాత ఆ పదవినే అధిష్ఠించిన ఖ్వాజా ముహమ్మద్ అహ్మద్ 1941 నుండి 1944 వరకు ఫణిగిరిలో త్రవ్వించాడు. తమది కాని ధర్మానికి చెందిన స్తూపాలను, వాటి నడుమ దొరికిన ఆడవారి పూసలను ఎంచి, తూచి, వ్రాసి పెట్టినవారిలో ఈ ముస్లిం పండితులు ముందువరుసలో ఉన్నారు. మన పిల్లల పాఠ్యపుస్తకాలలో వారి పేర్లు కనిపించవు.

పూసలలో మా అందరినీ ఎక్కువ ఆకర్షించినది అకీక్. ఇంగ్లీషులో కార్నీలియన్ అంటారు, ఎర్రగా నిప్పుకణికవలె మెరుస్తుంది. మహారాష్ట్ర నల్లరాతి పీఠభూమి నుండి దిగివచ్చే కృష్ణ తన గులకరాళ్లలో ఈ జాతి రాళ్లను మోసుకొస్తుంది. నదిలో దొరికేటప్పుడు అది తరచు పసుపు, గోధుమ వన్నెలలోనే ఉంటుంది. మట్టికుండలో పెట్టి పిడకల నిప్పులో నెమ్మదిగా కాలిస్తే రాతిలోని ఇనుము ఎర్రబారుతుంది. ఆ తరువాత చెక్కటం, నునుపు చేయటం, అన్నిటికంటే కష్టమైన రంధ్రం వేయటం. అంత గట్టిరాయికి ఇనుప మొన ఆగదు, వజ్రపు మొన కావాలి. గుజరాత్‌లోని ఖంభాత్‌లో ఈ పనిని నేటికీ చేస్తున్న కుటుంబాలలో ముస్లింలు అనేకులు.

ఎర్రపూసపై తెల్లని గీతలు తీర్చే విద్య ఇంకొకటి. ఇది చిత్రమైనది. రాతిని చెక్కరు, రంగు పూయరు. ఒక ముళ్లపొద లేతచిగుళ్ల రసంలో సోడా కలిపి, ఆ ద్రవంతో పూసపై గీతలు గీసి కాలుస్తారు. గీసినచోట రాయి తెల్లబారి శాశ్వతంగా నిలిచిపోతుంది. సింధునాగరికత కాలం నుండి ఉన్న ఈ పని ఎలా చేసేవారో చాలాకాలం ఎవరికీ అంతుబట్టలేదు. 1930ల ప్రాంతంలో పురావస్తువేత్త ఎర్నెస్ట్ మెకే సింధ్‌లోని సెహ్వాన్‌లో ఒక ముసలి పనివాడు ఆ విద్యను ఇంకా మరువలేదని కనుగొని, అతని చేత చేయించి చూసి వ్రాశాడు. నాలుగువేల యేండ్ల విద్య ఒక వృద్ధుని వ్రేళ్లలో మిగిలి ఉండటం తలచుకుంటే గుండె ఝల్లుమంటుంది.

పూసలహారం విలువ దాని వెలలో లేదని మన చరిత్రలోనూ ఒక ఘట్టం తెలుపుతుంది. బనూ ముస్తలిఖ్ దండయాత్ర నుండి తిరిగివచ్చే దారిలో హజ్రత్ ఆయిషా (రజి) పోగొట్టుకున్నది బంగారు నగ కాదు. యెమన్ దేశపు జఫార్ రాతిపూసల హారం. చారలు గల ఆ రాయి అకీక్‌కు తోబుట్టువు. దానిని వెదకబోయి ఆమె బిడారుకు వెనుకబడటం, అపనింద పుట్టటం, అన్నూర్ సూరాలో ఆమె నిర్దోషిత్వం వెల్లడి కావటం పాఠకులకు విదితమే. మక్కా మదీనాలలోని గొప్ప ఇంటి స్త్రీ మెడలోనూ ఆనాడు రాతిపూసలు ఉండేవి. దైవప్రవక్త (స) ధరించినది వెండి ఉంగరం. దాని పొడి అబిసీనియా రాయి అని హదీసులు తెలుపుతున్నాయి. ఎర్రసముద్రం మీదుగా రాళ్లూ పూసలూ ఓడలెక్కి తిరిగిన కాలమది.

సూర్యాపేట, నల్లగొండ దాటి నాగార్జునసాగరం చేరేసరికి మధ్యాహ్నమైంది. కట్టపై నిలబడి నీటిని చూడటానికి జనం వస్తారు. మేము చూడవచ్చినది నీటి అడుగున ఉన్నది. ఎడమగట్టున, నల్లగొండ వైపున, ఏలేశ్వరం అనే పురాతన గ్రామం ఉండేది. 1955 డిసెంబరు 10న ఆనకట్టకు శంకుస్థాపన జరిగిన తరువాత, నీరు వచ్చేలోగా ఈ లోయలో వీలైనంత త్రవ్వి వ్రాసుకోవలసి వచ్చింది. అవతలి గట్టున నాగార్జునకొండలో కేంద్ర శాఖ పనిచేస్తే, ఇవతల ఏలేశ్వరంలో రాష్ట్ర శాఖ పక్షాన ముహమ్మద్ అబ్దుల్ వహీద్ ఖాన్ త్రవ్వకాలు సాగించాడు. రాతియుగం దాటిన నాటి సమాధులు, వాటిపైన శాతవాహన, ఇక్ష్వాకుల ఆవాసాలు పొరలు పొరలుగా బయటపడ్డాయి. 1963లో ఆయన గ్రంథం అచ్చయింది. 1967లో కాలువలకు నీరు వదిలారు. ఇప్పుడు ఏలేశ్వరం చూడాలంటే ఆ గ్రంథమే దిక్కు.

ఆ ఆనకట్ట నీటితో పండిన అన్నమే మేము తింటున్నాము. కనుక మునక గురించి కన్నీరు కార్చటం మాకు తగదు. అయితే త్రవ్వి వ్రాసుకున్న తరువాత మునగటానికీ, వ్రాసుకోకుండానే పోవటానికీ చాలా తేడా ఉన్నది. నాగార్జునకొండలో వ్రాసుకున్నారు గనుకనే ఒక కంసాలి పనిశాలను గురించి మనకు తెలుసు. అచ్చులు, మూసలు, గీటురాయి ఒక్కచోటనే దొరికాయి. అచ్చు ఒక ఇంట, గీటురాయి ఒక ఇంట, మూస పాత ఇనుపకొట్టులో చేరి ఉంటే అది పనిశాల అని ఎవరు గ్రహించేవారు? మహాస్తూపంలో లాంగ్‌హర్‌స్ట్ కనుగొన్న ధాతుపాత్ర కూడా అంతే. వెండి భరిణె లోపల ముప్పాతిక అంగుళం వెడల్పైన బంగారు భరిణె, బంగారు పూలు, ముత్యాలు, గార్నెట్ రాళ్లు. ముదురెరుపు గార్నెట్‌కు ఖమ్మం ప్రాంతపు గరీబ్‌పేట కొండ ప్రసిద్ధి. అక్కడి రాళ్లు పూసలై పుదుచ్చేరి వద్ద అరికమేడు రేవు దాకా పోయాయని ఇటీవలి రసాయన పరీక్షలు తేల్చాయి. ఎక్కడ దొరికిందో తెలిసిన పూసకు మాత్రమే ఇటువంటి చరిత్ర ఉంటుంది. సంతలో కొన్న ప్రాచీన పూసకు అందమున్నది, ఊరు లేదు.

ఈ మాట ఇంతగా చెప్పడానికి కారణం ఉన్నది. నల్లగొండ, పాలమూరు మెట్టలలో గుప్తనిధుల వేట ఒక వ్యాధిగా మారింది. రాతిసమాధులను రాత్రివేళ పెకలిస్తారు. బంగారం ఉండదు, పూసలూ కుండలూ ఉంటాయి, వాటిని పగులగొట్టి పోతారు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన పాతనిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. మన ఫిఖ్‌హ్‌లో కూడా భూగర్భనిధికి 'రికాజ్' అని ప్రత్యేక అధ్యాయమున్నది, అందులో అయిదవ వంతు సమాజానికి చెందుతుంది. దొరికినది దొరికినవాడి సొంతమన్న మాట ఏ ధర్మశాస్త్రంలోనూ అంత సులభంగా లేదు.

దేవరకొండ మీదుగా పడమటికి సాగాము. దారిలో తండాల వద్ద లంబాడా వృద్ధస్త్రీలు కనిపించారు. మణికట్టు నుండి భుజం దాకా తెల్లని గాజులు. పూర్వం దంతంతో, ఇప్పుడు ప్లాస్టిక్‌తో. ఫణిగిరి శిల్పంలోని చేయి నడిచి వస్తున్నట్లే ఉన్నదని మాలో ఒకరన్నారు. వారు వేరు, వీరు వేరు, నడుమ వెయ్యిన్నర యేండ్ల ఎడమ ఉన్నది. అయినా చేతిని నింపి చూసుకోవాలన్న కోరిక ఒక్కటే అనిపించింది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరుతో 1890లో పేరు మారిన పాలమూరులో రాత్రి విశ్రమించి, తెల్లవారి పిల్లలమర్రి ఊడల నడుమ కాసేపు తిరిగి, మక్తల్ దారిన కృష్ణవైపు దిగాము.

ముడుమాల్ ఇప్పుడు నారాయణపేట జిల్లాలో ఉన్నది. చేలలో మనిషికి రెండింతల ఎత్తున నిలువురాళ్లు, వాటి చుట్టూ వరుసలు తీర్చిన చిన్నరాళ్లు. మూడువేల యేండ్లకు పైబడినవని పరిశోధకులు చెబుతారు. ఒక బండపై సప్తర్షి మండలాన్ని పోలిన గుంటలు తొలిచారు. 2025లో ఈ స్థలాన్ని యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు. ఆ కాలపు దక్కను జనం తమవారిని పూసలతో, గాజులతో, కుండలతో సహా పాతిపెట్టేవారు. ఎర్రని అకీక్ పూసలు ఆ సమాధులలో తరచు దొరుకుతాయి. చనిపోయిన బిడ్డ మెడలోని దండను తీయడానికి తల్లికి చేతులు రాలేదేమో, పరలోకంలో అవసరమనుకున్నారేమో. వారేమీ వ్రాసి పోలేదు.

ఆ రాళ్ల నీడలో కూర్చున్నప్పుడు మా ఖాలా ఒక ప్రశ్న వేసింది. వెయ్యేండ్ల తరువాత మన సమాధులు త్రవ్వితే ఏం దొరుకుతుంది? ఏమీ దొరకదు. కఫన్ తప్ప మనం వెంట ఏమీ పంపము. ఉంగరం తీస్తాము, ముక్కుపుడక తీస్తాము, గాజు తీస్తాము. నగ వారసులకు చెందుతుంది, వాటా ప్రకారం పంచబడుతుంది, పంచబడినది కరుగుతుంది. ధర్మం సరే, న్యాయం సరే. కాని మన నానీలు, దాదీలు ఏం తొడుక్కున్నారో తెలుసుకోవడానికి నేల మనకు తోడ్పడదు. పాత నిఖాహ్‌నామాలోనో, మసకబారిన ఫోటోలోనో వెదకాలి. అవీ లేకపోతే ఎవరికైనా గుర్తుండాలి.

తిరుగు ప్రయాణంలో ఖాలా తన నానీ నగల పేర్లు ఒక్కొక్కటే చెబుతుంటే మేము నోటుపుస్తకంలో వ్రాసుకుంటూ వచ్చాము. చింతాక్, సత్‌లడా, చంపాకలీ, కరన్‌ఫూల్, ఝూమర్, టీకా, జుగ్నీ, గోట్, తోడే, పాయల్, లచ్ఛా. షాద్‌నగర్ చేరేసరికి పదకొండు పేర్లయ్యాయి. వాటిలో మూడింటి ఆకారం ఎలా ఉండేదో ఆమెకే గుర్తు లేదు.